మేస్త్రి కట్టగలిగినప్పుడు ఇంజినీర్ ఎందుకు?

కౌన్సెలింగ్ రోజుల్లో దేవరకొండ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. బిడ్డకు సివిల్ ఇంజినీరింగ్‌లో సీటు వచ్చేటట్టు ఉందట. "కంప్యూటర్ రాలేదన్నా. సివిల్ తీసుకోమంటవా, ఒక ఏడాది ఆగి మళ్ల పరీక్ష రాయించమంటవా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే ఇంకో మాట అన్నాడు. "అసలు ఇంజినీర్లు చేసే పనేందే? మా నాయిన డ్యాములు కట్టిండు. గోడ కట్టేది మేస్త్రి, రాయి మోసేది కూలోళ్లు. నడుమ ఇంజినీర్ ఎందుకు?"

వాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. మా చిన్నాయన పదహారేళ్ల వయసులో గుంపు మేస్త్రి వెంట ఊరు విడిచినవాడు. పాలమూరు, దేవరకొండ పల్లెల నుంచి అట్లా కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని, లారీలెక్కి, దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి పోయాయి. ఏ రాయి ఎక్కడ కొడితే పగులుతుందో, మట్టిని ఎంత తడిపి దిమ్మిస కొడితే గట్టిపడుతుందో వాళ్ల చేతులకు తెలుసు. ఆ విద్యను తక్కువచేసి ఇంజినీరును పైన కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. తాగునీటి పనుల్లో ఇరవై ఏళ్లకు పైగా ఇంజినీరుగా ఉన్నాను. నేను చూసినంతలో జవాబు చెప్తాను. అది ఫోన్లో అయ్యేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మనందరికీ తెలిసిన నాగార్జునసాగర్‌నే తీసుకుందాం. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పునాది అడుగు నుంచి 124 మీటర్ల ఎత్తు, నదికి అడ్డంగా దాదాపు కిలోమీటరున్నర రాతి కట్టడం, 26 గేట్లు. అంత పెద్ద ఆనకట్టను కాంక్రీటుతో కాకుండా రాయితో ఎందుకు కట్టారు? ఆ రోజుల్లో సిమెంటుకు కటకట. పెద్ద యంత్రాలు బయటి దేశాల నుంచి రావాలి, వాటికి డబ్బు లేదు. రాయి మాత్రం చుట్టూ గుట్టల్లో ఉంది. రాయి పని తెలిసిన మనుషులు వేలల్లో ఉన్నారు. ఉన్నదాంతో కట్టాలి, కట్టింది నిలవాలి. ఇంజినీరు పని మొదలయ్యేది ఇక్కడే.

నీటిలో లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. నూరు మీటర్ల లోతులో ప్రతి చదరపు మీటరు గోడ మీదా దాదాపు నూరు టన్నుల బలంతో నీళ్లు నెడతాయి. ఆ నెట్టుడుకు కట్ట జరగకూడదు, తిరగబడకూడదు. ఇంకో శత్రువు కంటికి కనిపించదు. పునాది రాతి పగుళ్లలోంచి నీళ్లు కట్ట కిందికి చేరి, దాన్ని కింది నుంచి పైకి లేపడానికి చూస్తాయి. ఆ నీళ్లను పట్టి బయటికి పంపడానికి కట్ట కడుపులోనే నడిచే దారులు పెడతారు. వాటిని గ్యాలరీలంటారు. ఇంటి గోడ వంకరపోతే మేస్త్రి కూల్చి మళ్లీ కడతాడు. సాగర్ కట్ట కూలితే కింద ఉన్న ఊళ్లు మిగలవు. కట్టి చూసి నేర్చుకునే వీలు లేనిచోట, కట్టకముందే కాగితం మీద తెలుసుకోవాలి. ఆ తెలుసుకున్నదాని కింద ఒకరు సంతకం పెట్టాలి. తమ్ముడికి నేను ఇచ్చే మొదటి జవాబు ఇదే: కట్టేది మేస్త్రే, అది నిలుస్తుందని ముందే లెక్కతో చెప్పి, ఆ మాటకు పూచీ పడేది ఇంజినీరు.

అయితే ఆనకట్టల గురించి మాట్లాడితే ఇంజినీరింగ్ అంటే పెద్ద పెద్ద కట్టడాలే అనిపిస్తుంది. నాకు మాత్రం ఈ వృత్తి అర్థమైంది ఒక ప్లాస్టిక్ బకెట్ దగ్గర.

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ గురించి వేరే చెప్పక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు పుట్టినవాళ్లకు గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు, ముడుచుకుపోయిన కాళ్లు కొత్త కాదు. మన నేల కింద ఉన్నది నల్లసేనపు రాయి, గ్రానైటు. అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, మెల్లగా ఫ్లోరైడును కరిగించుకుంటాయి. చేదబావుల రోజుల్లో పైపొర నీళ్లు తాగినవాళ్లం, బావులు ఎండి బోర్లు లోతుకు పోయేకొద్దీ రాతిలో నానిన నీళ్లు తాగడం మొదలుపెట్టాం. ఆ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు. కాస్తే నీళ్లు ఆవిరైపోయి ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒకటిన్నర గ్రాము. వేలి కొనల మధ్య పట్టే చిటికెడు తెల్లపొడి అంత. దానికి కొన్ని రెట్లున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఒక మనిషి వెన్నెముక బిగుసుకుపోతుంది.

ఇక్కడ డాక్టరు పని వేరు, శాస్త్రవేత్త పని వేరు, ఇంజినీరు పని వేరు. జబ్బు నీళ్ల వల్ల వస్తున్నదని వైద్యులు గుర్తించారు. పటిక నీళ్లలో వేస్తే తెల్లటి మెత్తని తెట్టెలు ఏర్పడతాయని, ఆ తెట్టెలకు ఫ్లోరైడు అంటుకుంటుందని రసాయన శాస్త్రం చెప్పింది. అంతవరకూ అది జ్ఞానం. మర్రిగూడలో ఒక తల్లి రేపు పొద్దున బిడ్డకు ఏ నీళ్లు పట్టాలన్నది ఇంకా తేలలేదు. అది తేల్చడానికి 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అందరూ నీరీ అనేది, ఒక పద్ధతి తయారుచేసింది. దానికి మన జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా పిలుస్తుంది. టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో కూడా వాడి చూశారు. నల్లగొండ అనే మాటను ఆఫ్రికాలో నీటి ఇంజినీర్లు చదువుకుంటారని మన పిల్లలకు బడిలో చెప్పాలి.

ఇంటి పద్ధతి ఇట్లా ఉంటుంది. ఒక బకెట్ నిండా బోరు నీళ్లు. అందులో కొలిచిన పటిక, దానిలో ఇరవయ్యో వంతు సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్. కర్రతో పది నిమిషాలు కలపాలి, మొదట గట్టిగా, తర్వాత మెల్లగా. చివరిదాకా గట్టిగా కలిపితే తెట్టెలు చిదిరిపోతాయి. తర్వాత గంటసేపు కదపకుండా వదిలేయాలి. మొదట నీళ్లు పాలవిరుగుడులా తెల్లబడతాయి. మెల్లగా తెట్టెలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కు దిగుతాయి. పైన తేట మిగులుతుంది. బకెట్‌కు ఒక నల్లా ఉంటుంది. అది అడుగుకు ఆనుకుని ఉండదు, నాలుగు వేళ్ల ఎత్తులో ఉంటుంది.

ఆ నల్లా ఎత్తే నాకు ఇంజినీరింగ్. అడుగునే పెడితే మడ్డి నీళ్లతో పాటు గ్లాసులోకి వస్తుంది, తీసిన ఫ్లోరైడు మళ్లీ కడుపులోకే. బాగా పైకి పెడితే సగం నీళ్లు బకెట్‌లోనే మిగిలిపోతాయి. మడ్డి ఎంత మందాన పేరుతుందో కొలిచి, దాని మీద కొంచెం ఎడం ఉంచి నల్లా పెట్టారు. కరెంటు అక్కర్లేదు. చదువు అక్కర్లేదు. పటిక, సున్నం సంతలో దొరుకుతాయి. బకెట్ ప్రతి ఇంట్లో ఉంది. ఎవరి కోసం చేస్తున్నారో వాళ్ల ఇల్లు, చేతులు, జేబు ఎరిగి చేసిన పని అది.

మరి అంత మంచి పద్ధతి ఉండగా నల్లగొండ కష్టం ఎందుకు తీరలేదు? ఇది కూడా చెప్పాలి, లేకపోతే సగం నిజమే చెప్పినట్టు అవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేసే యూనిట్ చూడ్డానికి వెళ్లాను. సిమెంటు ట్యాంకు, మోటారుతో తిరిగే పంకా, పక్కన నల్లాలు. మొదటిసారి వెళ్లినప్పుడు బాగా నడుస్తోంది. ఏడాదిన్నర తర్వాత వెళితే పంకాకు తుప్పు, గదికి తాళం. పటిక బస్తాలు అయిపోయాక మళ్లీ రాలేదు. కలిపే మనిషికి నెలల తరబడి జీతం రాక మానేశాడు. ఎండిన మడ్డి తెల్లగా కుప్పపోసి ఉంది, దాని మీద వాన పడి మళ్లీ నేలలోకే దిగుతోంది. ఆడవాళ్లు పాత బోరు దగ్గరే బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. ఒకామె నన్ను చూసి, "సారూ, మీరు కట్టి పోతరు. కలిపెటోడు ఎవరు?" అంది. ఆ మాట నేను ఈ రోజుకూ మరిచిపోలేదు.

లెక్క తప్పు కాదు. పటిక మోతాదు, సున్నం మోతాదు, ట్యాంకు కొలతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ పద్ధతికి ఒక మెలిక ఉంది. ఎంత పటిక వేయాలన్నది నీటిలో ఫ్లోరైడు ఎంతుందన్నదాని మీదే కాక, నీటి క్షార గుణం మీద కూడా ఆధారపడుతుంది. రెండు బోర్లకు ఒకే మోతాదు పనికిరాదు. ఒకే బోరుకైనా వానాకాలం ముందూ తర్వాతా తేడా వస్తుంది. తక్కువైతే ఫ్లోరైడు పోదు, ఎక్కువైతే నీళ్లు వగరు తిరిగి, అల్యూమినియం మిగిలిపోతుంది. అంటే రోజూ శ్రద్ధగా చూసే మనిషి కావాలి, అప్పుడప్పుడూ పరీక్ష చేసే ల్యాబ్ కావాలి, నెలనెలా సరుకు రావాలి. వీటిని డిజైన్‌లో భాగంగా చూడలేదు. పంకా తిరిగే వేగం లెక్కేశాం, పటిక బస్తా ఎవరి సైకిల్ మీద వస్తుందో లెక్కేయలేదు. కాలేజీలో ఎవరైనా నాకు ఒక్కటంటే ఒక్కటి నేర్పాల్సి ఉంటే ఇదే నేర్పాల్సింది.

తర్వాత ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. ఇరవై లీటర్ల డబ్బా ప్రతి ఊళ్లో మామూలైంది. ఆర్వో ఫ్లోరైడును బాగానే తీస్తుంది. కానీ సన్నటి పొర గుండా నీళ్లను బలంగా నెట్టాలి, దానికి కరెంటు కావాలి. పొర పాడైతే మార్చాలి. చిన్న ప్లాంట్లలో లోపలికి పోయిన నీళ్లలో సగందాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఫ్లోరైడు చిక్కబడిన నీళ్లుగా బయటికి వస్తాయి. వాటిని మోరీలోకి వదిలితే అవి ఎక్కడికి పోతాయి? అదే నేలలోకి. ఒక ఊరి బోరు నీళ్లను శుభ్రం చేస్తూ ఆ ఊరి నేలనే ఇంకాస్త పాడుచేసే ఏర్పాటు నాకు తృప్తినివ్వదు. అయితే బిడ్డ దాహం ఇప్పుడే తీరాలి కాబట్టి, ఆ రోజుల్లో అది లేకుంటే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి. ఇంజినీరుకు ఎదురయ్యే ప్రశ్నలు చాలావరకు ఇట్లాంటివే. తప్పొప్పుల మధ్య ఎంచుకోవడం సులువు. మూడు రకాల నష్టాల మధ్య ఎంచుకోవాలంటే కొలవాలి, అడగాలి, ఒప్పించాలి.

అసలు మందు దూరంగా ఉన్న నదిలో ఉందని జనం ముందే అన్నారు. కృష్ణ నీళ్లు కావాలని ఏళ్ల తరబడి పోరాడారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఏ లెక్కను ముందు తేల్చాలో ఇంజినీరు ఒక్కడే నిర్ణయించడు. నాలుగు వందల ఎనభై పేర్లు అచ్చేసి జనం ఆ లెక్కను దేశం ముందు పెట్టారు.

ఇక నదిని ఊరికి తేవడం. నీళ్లు పల్లానికే పోతాయని అందరికీ తెలుసు. ఎంత పల్లానికి అన్నదే చిక్కు. పెద్ద కాలువకు సాధారణంగా పదివేల మీటర్లకు ఒక మీటరు అటూఇటూ వాలు ఇస్తారు. అంటే రెండు కిలోమీటర్లు నడిస్తే ఒక జానెడు దిగుతుంది, అంతే. కంటితో చూస్తే నేల చదునుగా ఉన్నట్టే ఉంటుంది. వాలు ఎక్కువైతే నీళ్లు ఉరికి గట్లు కోసేస్తాయి. తక్కువైతే ఒండ్రు పేరుకుని చివరి ఆయకట్టుకు చుక్క చేరదు. గుట్టలు, వాగులు, పొలాలు దాటుకుంటూ పదుల కిలోమీటర్లు ఆ జానెడు లెక్క తప్పకుండా పోవాలి. ఎత్తుపల్లాల తేడా చూపే లెవెల్ యంత్రం, అందులోంచి చూసి చదివే అంకెల పొడవాటి కర్ర, అంటే స్టాఫ్, పట్టుకుని ఎండలో అడుగడుగునా చూసుకుంటూ పోయేవాళ్ల పని అది. సాగర్ కాలువ చివరి భూముల రైతును అడిగితే ఆ జానెడు విలువ చెప్తాడు.

పల్లం లేనిచోట ఎత్తిపోయాలి. ఇక్కడ పదో తరగతి లెక్కతోనే చాలా తెలుస్తుంది. వెయ్యి లీటర్ల నీళ్లను నూరు మీటర్లు ఎత్తడానికి, పంపులో మోటారులో పోయేది కూడా కలుపుకుంటే, దాదాపు మూడో వంతు యూనిట్ కరెంటు కావాలి. మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు నూరు లీటర్లు లక్ష్యంగా పెట్టారు. రెండు వేల జనం ఉన్న ఊరికి రెండు లక్షల లీటర్లు. నూరు మీటర్లు ఎత్తితే రోజుకు డెబ్భై యూనిట్ల దగ్గర. రెండు వందల మీటర్లయితే దానికి రెట్టింపు. ప్రతి రోజూ, పథకం నడిచినన్నాళ్లూ. పొలాలకు ఇవ్వాల్సిన నీళ్లు దీనికి ఎన్నో రెట్లు కాబట్టి ఎత్తిపోతల కరెంటు బిల్లు గురించి అంత చర్చ జరుగుతుంది.

ఎస్సెల్బీసీ, అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ, సొరంగం కథ అర్థం కావాలంటే ఈ లెక్క తెలియాలి. శ్రీశైలం జలాశయం మట్టం ఎత్తులో ఉంది. నల్లమల కిందుగా దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తవ్వితే నీళ్లు పంపు లేకుండా, కరెంటు లేకుండా తమంతట తామే నల్లగొండ వైపు వస్తాయి. తవ్వడానికి ఖర్చెక్కువ, నడపడానికి తక్కువ. ఎత్తిపోతలకు దీనికి తలకిందులు. సొరంగం తేలకపోవడంతో సాగర్ వెనక నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరులో పోసే ఏర్పాటు ముందు వచ్చింది. నల్లగొండ పొలాలకూ, ఫ్లోరైడ్ ఊళ్లకూ, హైదరాబాదు నల్లాలకూ అక్కడి నుంచే నీళ్లు పోతున్నాయి. సొరంగం పైన పులుల అభయారణ్యం ఉంది కాబట్టి నడుమ ఎక్కడా దారి తవ్వడానికి లేదు. దోమలపెంట వైపు నుంచీ, మన్నెవారిపల్లి వైపు నుంచీ, రెండు కొసల నుంచే తొలుచుకుంటూ రావాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట కొస నుంచి 14 కిలోమీటర్ల దగ్గర లోపల పైకప్పు కూలి, 8 మంది చిక్కుకున్నారు. ఎవరూ బతికి బయటికి రాలేదు. వాళ్లలో ఇంజినీర్లున్నారు, యంత్రం నడిపేవాళ్లున్నారు, కూలీలున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి మన నల్లమలకు బతుకుదెరువు కోసం వచ్చినవాళ్లు. మా చిన్నాయన వేరే రాష్ట్రాల డ్యాముల మీద పనిచేసినట్టే. ఆ వార్త వచ్చిన రాత్రి తమ్ముడి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

నేల లోపల ఏముందో పూర్తిగా ఎవరికీ తెలియదు. అందుకే ఇంజినీరు వేసే ప్రతి లెక్కలోనూ తెలియనిదాని కోసం కొంత ఎడం వదలాలి. ఆ ఎడం ఎంత అన్నదే కష్టమైన ప్రశ్న. 2009 అక్టోబర్ మొదటి వారంలో శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆనకట్టను కట్టింది 19 లక్షల దాకా వచ్చే వరదను తట్టుకునేటట్టు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 అడుగులు దాటాయి. పైన కర్నూలు, అలంపురం మునిగాయి, జనం నష్టపోయారు. కట్ట మాత్రం నిలిచింది. లెక్కను దాటి వచ్చిన నీళ్లను ఆపింది, అర్ధశతాబ్దం కింద ఎవరో లెక్క మీద వదిలిన ఎడం. వాళ్లలో చాలామంది అది చూడ్డానికి బతికిలేరు.

ఒక ఊరి నల్లాలో నీళ్లు రావడానికి ఎన్ని రకాల ఇంజినీర్లు కావాలో ఇప్పుడు చెప్పడం సులువు. పైపులు, ట్యాంకులు సివిల్. పంపులు మెకానికల్, మోటార్లు, సబ్‌స్టేషన్ ఎలక్ట్రికల్. ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో పంపే సెన్సర్లు ఎలక్ట్రానిక్స్, ఆ వివరాలను ఒక చోట కూర్చి ఎక్కడ లీకేజీ ఉందో పట్టేది కంప్యూటర్. శుద్ధి కేంద్రంలో పటిక, క్లోరిన్ మోతాదులు కెమికల్ వాళ్ల విద్య. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే వీళ్లందరూ ఒకరికొకరు ఎందుకు కావాలో తెలుస్తుంది. కిలోమీటర్ల పొడవు పైపులో పరుగెత్తుతున్న నీళ్లు, అంటే వందల టన్నుల బరువు, పంపు ఆగగానే తడబడి వెనక్కి తిరుగుతాయి. ఆ దెబ్బ పైపంతా సుత్తితో కొట్టినట్టు పాకుతుంది. జాయింట్లు ఊడిపోతాయి, ఒక్కోసారి పైపే పగులుతుంది. దాన్ని మింగడానికి దారిలో గాలి నింపిన పాత్రలు, వాల్వులు పెడతారు. తప్పు కరెంటుది, దెబ్బ పంపుది, పగిలేది పైపు. ఒక బ్రాంచి తెలిసినవాడు ఒక్కడే దాన్ని సరిచేయలేడు.

కాబట్టి బ్రాంచి విషయంలో తల్లిదండ్రులు పడే టెన్షన్ నాకు అర్థమవుతుంది కానీ, దానికి ఇచ్చే విలువ కొంచెం ఎక్కువని నా అభిప్రాయం. కంప్యూటర్ సైన్సు మంచి చదువు. దాని కోసం ప్రాణం లాగే పిల్లలు తప్పకుండా తీసుకోవాలి. పక్కింటివాళ్లు తీసుకున్నారని మాత్రం వద్దు. సివిల్‌లో మొదటి జీతాలు తక్కువగా ఉంటాయి, సైట్ల మీద ఎండ ఉంటుంది, ఇల్లు విడిచి ఉండాలి. ఇవి దాచి సీటు తీసుకోమని చెప్పడం అన్యాయం. ఆడపిల్లలకు సైట్ల మీద కనీసం టాయిలెట్ కూడా లేని చోట్లు ఇంకా ఉన్నాయి. అది మారాలి, దాన్ని మార్చే బాధ్యత మాలాంటి పాతవాళ్లది. ఇంటర్ కాకుండా పది తర్వాత పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరిన పిల్లలను నేను ఎందరినో చూశాను. వాళ్ల చేతికి పని ముందు తెలుస్తుంది, సూత్రం తర్వాత. చాలామంది మంచి ఇంజినీర్లయ్యారు.

నాలుగేళ్లలో ఏం చదువుతారంటే, లెక్కలు చాలా ఉంటాయి. ఎందుకంత లెక్కలు అని పిల్లలు అడుగుతారు. కట్టకుండా తెలుసుకోవడానికి మనిషి దగ్గర ఉన్న చవకైన పనిముట్టు అదొక్కటే. వస్తువుల బలం, నీటి ప్రవాహం, నేల గుణం, ఉష్ణం, కరెంటు, ఇవన్నీ ఆ లెక్కను పట్టుకుని నిలబడతాయి. కాలేజీ బాగుంటే వర్క్‌షాపు, సర్వే, ల్యాబ్ ఉంటాయి. బాగోకపోతే రికార్డులు చూసి రాయించి, చివరి ఏడాది ప్రాజెక్టు డబ్బులిచ్చి కొనుక్కోమంటారు. ఆ ప్రాజెక్టు కొనుక్కున్న పిల్లవాడికి నాలుగేళ్ల చదువులో అసలు రుచి తెలియకుండా పోతుంది. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు భవనం కాక ల్యాబ్ తలుపు తీయించి చూడమని తమ్ముడికి చెప్పాను. యంత్రాల మీద దుమ్ము ఉందా, నూనె మరకలు ఉన్నాయా చూడమన్నాను. నూనె మరకలుంటే పిల్లను చేర్చొచ్చు.

చదవడానికి ఎందుకు విలువ అంటే నాకు తోచింది ఒక్కటే. చుట్టూ ఉన్న కష్టాన్ని చూసి బాధపడటం అందరికీ వస్తుంది. దాన్ని కొలవగలిగే ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్కను ముందు పట్టుకోవాలో ఎంచి, ఉన్న డబ్బుతో, ఉన్న మనుషులతో, రేపు నడిచేటట్టు ఒకటి తయారుచేయడం నేర్చుకుంటేనే వస్తుంది. ఫ్లోరైడ్ ఊళ్లో పుట్టి, వంగిన నాయనమ్మ నడుము చూస్తూ పెరిగిన పిల్లకు ఆ విద్య చేతికి వస్తే అది వేరే ఎవరి చేతిలోనో ఉన్నట్టుండదు.

పోయిన ఆదివారం తమ్ముడూ, వాడి బిడ్డా నల్లగొండకు వచ్చారు. ముగ్గురం పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదికి వెళ్లాం. కందూరు చోడుల కాలం నాటి చెరువు అది. ఇప్పుడు ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు అందులోకే వచ్చి ఆగి, ముందుకు పోతాయి. ఆ కాలపు కట్టకు ఈ కాలపు పంపు నీళ్లు. సాగర్‌ను 408 టీఎంసీలు పట్టేటట్టు కడితే, ఒండ్రు పేరుకుని ఇప్పుడు లెక్కలో 312 అని పిల్లకు చెప్పాను. "మరి ఈ చెరువు ఇన్ని వందల ఏళ్లు ఎట్లుంది పెద్దనాన్నా?" అని అడిగింది. పూడిక తీసుకుంటూ, తూము బాగుచేసుకుంటూ, తరం తర్వాత తరం చూసుకున్నారు కాబట్టి అన్నాను.

లెవెల్ యంత్రం తెచ్చాను. మూడు కాళ్ల మీద నిలబెట్టి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా మరలు తిప్పడం నేర్పాను. స్టాఫ్ పట్టుకోవడానికి తమ్ముడు కట్ట చివరికి నడిచాడు. వాడు అంత నిటారుగా నిలబడటం నేను ఎప్పుడూ చూడలేదు. పిల్ల కన్ను పెట్టి చూసి, "1.445" అంది. రాసుకోబోయి ఆగింది. స్టాఫ్ ఏ మాత్రం వంగినా రీడింగ్ పెరుగుతుందని, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపితే కనిపించే అన్నిటికన్నా చిన్న అంకె సరైనదని అంతకుముందే చెప్పి ఉన్నాను.

"నాయినా, జర మెల్లగ ఊపు," అని అరిచింది. వాడు ఊపాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూసింది. అంకె దిగి, ఒక చోట ఆగి, మళ్లీ ఎక్కింది.

"1.430," అని పుస్తకంలో రాసుకుంది.